చెయ్యి అన్న కేక

తెల్లవారకముందే కరణ్‌కోట రాతిగనుల దారి పట్టడం, ఎండ నెత్తికెక్కేలోగా బండలు లేపడం, జొన్నరొట్టె తిని మళ్ళీ గడ్డపార అందుకోవడం. మత్తయ్య బతుకు పెళ్ళినాటి నుంచీ ఇదే. తాండూరు నాపరాయి పొరలుపొరలుగా ఉంటుంది. పొరల సందులో గడ్డపారలు దూర్చి నలుగురు ఎత్తిపడితే, ఐదోవాడు కింద చెయ్యి పెట్టి రాయి ఎక్కడ అంటుకుని ఉందో తడిమి చూస్తాడు. పెట్టేముందు "చెయ్యి!" అని కేక వేస్తాడు. ఆ కేక విన్నాక గడ్డపార కదపకూడదు. ఒంటిమీద తేలు పాకినా కదపకూడదు. మత్తయ్య గుంపులో తడిమేవాడు మొగులప్ప. ఇద్దరూ ఒకే గుడిసెల వరుసలో పెరిగారు.

ఏటా రోహిణి కార్తెలో పాత గని గుంటలోని నీళ్ళు గడ్డకట్టేవి. పైన ఎండకు బండలు చిట్లుతుంటే కింద ఒడ్డు నుంచి ఒడ్డుకు మంచు పరుచుకునేది. మిరుగం కార్తె చినుకు పడగానే కరిగిపోయేది. ఎండకు చెమట పట్టినట్టే అదీనూ, దాని గురించి మాట్లాడుకునేంత తీరిక ఎవరికీ లేదు.

మంచు ఉన్నన్నాళ్ళూ పొద్దు వంగాక హాకీ ఆడేవారు. కమ్మరి జంగప్ప విరిగిన గడ్డపారలను సాగగొట్టి చెప్పుల కింద ఇనుప పట్టీలు బిగించి ఇచ్చేవాడు. తుమ్మకర్రలే హాకీ కర్రలు, గుండ్రంగా చెక్కిన నాపరాయి ముక్కే బిళ్ళ. నైజాం పాలన పోయిన ఏడు నుంచి వికారాబాద్ వాళ్ళు కూడా రైలెక్కి వచ్చి పోటీకి దిగసాగారు. బిళ్ళ దూరకుండా తాండూరు గూడు దగ్గర కాపలా మొగులప్పది. అతను బిళ్ళ మీద చేతులు వేసి "చెయ్యి!" అంటే కర్రలన్నీ ఆగిపోవాలి. పనిలో ఉన్న నేమమే ఆటలోనూ పాటించేవారు. కూడు పెట్టే చేతులు అందరికీ ఒకటే కదా అని వికారాబాద్ వాళ్ళూ ఒప్పుకున్నారు.

మంచు మీద మత్తయ్యను అందుకునేవాడు లేడు. వికారాబాద్‌లో పల్లీల నూనె మిల్లు నడిపే సుధాకర్ పటేల్ కన్ను అతని మీద పడింది.

"ఏంరా మత్తయ్యా, గింత ఆట పెట్టుకొని రాళ్ళు లేపుతవా? నా దిక్కు ఆడు. నెలనెలా జీతమిస్త, ఉండనీకె ఇల్లిస్త. ఏం పని చెయ్యకు."

"పని చెయ్యకుంటె జీతమెందుకు పటేలా?"

"ఆడనీకె. ఇయ్యాల్టి సంది గా కాళ్ళు నీయి కావు, నాయి."

మొగులప్పతో చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. "ఆడుకుంటె జీతమా! తింటె గూడ ఇస్తడేమో జర అడుగు మత్తన్నా." తర్వాత మెల్లగా అన్నాడు, "పో. గని ఏడికి పోతది?"

ఆట కోసం జీతం తిన్న మొదటి మనిషి మత్తయ్యే ఆ చుట్టుపక్కల. మంచు లేని నెలల్లో మిల్లులో నూనె చల్లిన గచ్చు మీద సాధన చేసేవాడు. వికారాబాద్ స్టేషన్లో జనం వేలు పెట్టి చూపేవారు. మత్తయ్య భార్య రాహేలమ్మ ఒకనాడు అతని అరచెయ్యి తడిమి, "షావుకారు పెండ్లాం చేతులైనయి నీయి" అని ఎత్తిపొడిచింది. సిగ్గుపడవలసిన మాటకు అతను మురిసిపోయాడు. మొగులప్పను చూడటానికి మొదట్లో ప్రతి ఆదివారం పోయేవాడు, తర్వాత పండుగలకు, ఆ తర్వాత ఆటకు మాత్రమే.

అయినా గెలుపు తాండూరుదే. మత్తయ్య ఎంత కొట్టినా బిళ్ళ పోయి మొగులప్ప చేతుల కింద చేరేది. పటేల్ ఓపిక అయిపోయింది.

"వాడు ఒర్లితె మీరెందుకు ఆగుతరు? సీటీ ఊదేదాక ఆట ఆగేది లేదు. ఈయేడు ఓడిపోతె ఆ ఇల్లు ఇడిచిపెట్టుడే."

"గది మా పని నేమం పటేలా."

"రాళ్ళ పని నీకిప్పుడు ఏడున్నదిరా?"

మత్తయ్య ఇంటికి పోయి గోడలు చూసుకున్నాడు. సున్నం వేసిన గోడలు, పెంకుల కప్పు.

ఆ ఏటి ఆటలో చివరి గడియకు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మత్తయ్య కొట్టిన బిళ్ళ మీద మొగులప్ప రెండు చేతులూ వేసి "చెయ్యి!" అన్నాడు. తాండూరు కర్రలు ఆగాయి. వికారాబాద్ కర్రలూ ఆగాయి. వినబడలేదని మత్తయ్య తర్వాత చాలామందికి చెప్పాడు. వినబడింది. కర్ర ఎత్తి కొట్టాడు. బిళ్ళ గూట్లోకి పోయింది.

మొగులప్ప అరవలేదు. చితికిన వేళ్ళను చూసుకుని, తలెత్తి అన్నాడు, "చెయ్యి అన్న గద మత్తన్నా."

ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. మొగులప్ప ఇంటిముందు అరుగు మీద కూర్చుండిపోతే అతని భార్య నాగవ్వ రాళ్ళు మోయడానికి పోయింది. మత్తయ్య బియ్యం పంపాడు. తాను మాత్రం పోలేదు. నాగవ్వ మూట విప్పకుండానే తిప్పి పంపింది.

మరుసటి రోహిణిలో మత్తయ్య మంచు మీద అడుగుపెడితే కాలికింద నీళ్ళయ్యాయి. ఇంకో అడుగు వేస్తే అక్కడా నీళ్ళే. అతని చుట్టూ మిగతావాళ్ళు జారిపోతూనే ఉన్నారు. పటేల్ ఒడ్డు మీంచి చూసి, "రేపటి సంది రాకు" అన్నాడు. వారం తిరక్కుండా సున్నం గోడల ఇంట్లోకి ఇంకొకడు దిగాడు.

మత్తయ్య తిరిగి గనికి వచ్చాడు. ఎవరూ వద్దనలేదు, గడ్డపార చేతికిచ్చారు. తడిమే పనికి కొత్తగా వచ్చిన బిచ్చయ్య బండ ముందు కూర్చుని, మత్తయ్య వైపు చూసి, చెయ్యి పెట్టకుండా అలాగే ఉండిపోయాడు. మధ్యాహ్నం దాకా ఒక్క బండ లేవలేదు. చివరికి మత్తయ్యే గడ్డపార కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం బావులు ఎండితే గుడిసెలవాళ్ళకు గుంట నీళ్ళే దిక్కు. అవి గడ్డకడితే ఆడవాళ్ళు మంచు పగలగొట్టలేక అవస్థ పడేవారు. ముసలి భాగమ్మకు ఒక ఉపాయం తోచింది. "నీ కాళ్ళ కింద నీళ్ళయితున్నయంట గద కొడుకా. ఉట్టిగ కూసునే బదులు జర గుంటల నిలబడరాదు?"

అప్పటి నుంచి ఏటా రోహిణిలో తెల్లవారుజామునే మత్తయ్య గుంటలో దిగి ఎండ ముదిరేదాకా నడుములోతున నిలబడుతున్నాడు. ఆడవాళ్ళు అతని చుట్టూ కుండలు ముంచుకుని, ఒడ్డున ఒక రొట్టె పెట్టి పోతారు. అతని కాళ్ళకు స్పర్శ పోయింది. నాగవ్వ మాత్రం దూరమైనా సరే ఊరవతలి బావికే పోయేది.

ఒక ఏడు ఆ బావి కూడా ఎండింది. నాగవ్వ వచ్చింది. అందరూ పోయాక ఎండలో ఒంటరిగా వచ్చింది.

"చెల్లె, మొగులప్ప ఎట్లున్నడు?"

"జర జరుగు. నీళ్ళు మడ్డి అయితున్నయి."

అతను జరిగాడు. ఆమె కుండ నింపింది. నిండిన కుండను నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. మత్తయ్య నీళ్ళలోంచి ఒడ్డు దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపాడు. నాగవ్వ ఆ చేతులను చూసింది. కుండను కాస్త అవతలికి జరిపి, దాని పక్కన నిలబడి, ఇంకో ఆడమనిషి వచ్చేదాకా గుడిసెల దారి వైపు చూస్తూ ఉండిపోయింది.