జాజు సున్నా గీసిన బండ

గోపీనాథ్ గారిని ఎవరు చంపారో మొదటే చెప్పేస్తాను. మహానంది చంపాడు. పట్టపగలు, కల్యాణ మండపం ప్రారంభంలో, మూడు వందల మంది చూస్తుండగా, కొబ్బరికాయలు కొట్టడానికి తెచ్చిన కత్తితో పొడిచాడు. పొడిచి పారిపోలేదు కూడా. స్టేజీ మెట్ల మీద కూర్చుని పోలీసులు వచ్చేదాకా బీడీ తాగాడు. ఎందుకు చంపావంటే అదీ చెప్పాడు. ఇరవై ఏళ్లు ఆయన జీపు ముందు జెండా పట్టుకుని పరిగెత్తాడట. కూతురికి అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం ఇప్పిస్తానని గోపీనాథ్ గారు ఆరేళ్లు తిప్పించుకుని, ఆఖరికి అది ఇంకెవరికో ఇచ్చేసి, మహానంది ఎదురుపడితే "నువ్వెవరప్పా?" అన్నాడట. అంతే సంగతి.

ఈ సంగతి మా వైపు ఒక్కరికీ నచ్చలేదు. నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి ఒక ఆయా ఉద్యోగం దగ్గర చచ్చిపోయాడంటే జనానికి చిన్నతనంగా ఉంది. ఆయనకు తగ్గ చావు వాళ్లకు కావాలి. పత్తికొండ టమాటా మార్కెట్‌లో, ఢిల్లీ నుంచి మనుషులు దిగారన్నారు. టీ కొట్టు దగ్గర, గనుల వాళ్లు చేయించారన్నారు. ఒకాయనైతే గోపీనాథ్ గారు అసలు చావనే లేదు, అహోబిలం అడవిలో గడ్డం పెంచుకుని తిరుగుతున్నాడు, మా తోడల్లుడు కళ్లారా చూశాడు అన్నాడు. ఆ తోడల్లుడికి ఎదురుగా వచ్చే బస్సు బోర్డు కూడా కనిపించదు. అడవిలో గడ్డం మాత్రం కనిపించింది.

నేనూ నవ్వుకున్నాను. ఆ మాటలు మా గడప తొక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను.

నా పేరు బసమ్మ. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మా ఆయన మద్దయ్యా నేనూ పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాం. ఆయన మిషను మీద పాలిష్ పడతాడు. పాలిషైన బండను నేను చిన్న సుత్తితో తడతాను. మంచి బండ ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత నెర్రె ఉంటే మొద్దుగా పలుకుతుంది. కంటికి ఏమీ తెలియదు, చెవికే తెలుస్తుంది. అలాంటి బండ మీద జాజుతో ఎర్రగా సున్నా గీసి, నెర్రె ఎటు పోతోందో చెవితో పట్టుకుని ఆ సున్నాకు అడ్డంగా ఒక గీత గీస్తాను. దీన్ని నడిమధ్య పరచొద్దు, గోడ పక్కన వాడుకోండి అని దానికి అర్థం. పరిచాక తడిగుడ్డతో తుడిస్తే జాజు పోతుంది. మా ఊళ్లో ఈ గుర్తు తెలియని తాపీమేస్త్రీ లేడు.

గోపీనాథ్ గారి కల్యాణ మండపానికి బండలు మావే. కట్టించింది ఆయన బావమరిది సుంకప్ప. ముహూర్తం వారం ముందుకు జరిగిందని సుంకప్ప తొందరపెడితే, మేస్త్రీలు చేతికి ఏ బండ వస్తే ఆ బండ పరిచేశారు. స్టేజీ కింద బోలు. ఇటుక దిమ్మల మీద బండలు అలా పేర్చి ఊరుకున్నారు. నా సున్నా ఉన్న బండ సరిగ్గా స్టేజీ మధ్యకు వచ్చింది. తుడిచే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. గోపీనాథ్ గారు దాని మీద నిలబడి రిబ్బను కత్తిరిస్తుండగానే మహానంది వచ్చాడు.

మర్నాడు ఫొటో బయటికొచ్చింది. పడిపోయిన గోపీనాథ్ గారు, ఆయన కాళ్ల పక్కన ఎర్రటి సున్నా, దానికి అడ్డంగా గీత.

కర్నూలులో క్రాంతి కుమార్ అని ఒకడున్నాడు. ఫోనులో తన పేరు మీదే చానెల్ నడుపుతాడు. 'ఆ ఎర్ర సున్నా ఎవరు గీశారు?' అని వీడియో పెట్టాడు. సున్నా అంటే మనిషి నిలబడాల్సిన చోటట. గీత అంటే కత్తి రావాల్సిన దిక్కట. తొమ్మిది లక్షల మంది చూశారు. తర్వాత మండపం బండల బిల్లు సంపాదించాడు. దాని మీద 'మద్దయ్య జట్టు' అని ఉంది. జట్టు అంటే మా ఆయనా నేనూ. క్రాంతి కుమార్ మాత్రం జట్టు అంటే ముఠా అన్నాడు.

ఆదివారం కోడిని కోయాలంటే పక్కింటి వాళ్లను పిలుచుకొచ్చే మనిషి మా ఆయన. ఆయన ఎమ్మెల్యేను చంపించాడట.

ఫ్యాక్టరీ ఓనరు "గొడవ సద్దుమణిగేదాకా ఇంటికాడ ఉండప్పా" అన్నాడు. లారీ డ్రైవర్లు మా ఆయన్ను చూసి మాట్లాడటం ఆపేసేవాళ్లు. ఇద్దరు మాత్రం పక్కకు పిలిచి, "నిజం చెప్పు మద్దయ్యా, ఎంత ముట్టింది?" అని అడిగారు. నెల తిరిగేసరికి ఆయన సగమయ్యాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని నన్ను అడిగాడు.

"బసమ్మా, నాకు తెలీకుండా నేనేమన్నా చేసింటానా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. క్రాంతి కుమార్ కెమెరాతో మా ఇంటికొచ్చినప్పుడు నేనే ఎదురుపోయాను.

"గీసింది నేనప్పా. నెర్రె ఉండాదని గీసినా. మా ఆయనకేం తెలీదు."

వాడు నన్ను జాలిగా చూశాడు. "భర్తను కాపాడుకోవాలని ఎంత కష్టపడుతున్నావమ్మా" అన్నాడు. సాయంత్రానికి వీడియో వచ్చింది. 'నేరం తన మీద వేసుకున్న ఇల్లాలు' అని పేరు పెట్టి, వెనక సన్నాయి వాయించాడు. చూసిన ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారట. నేను చెప్పిన నెర్రె మాట మాత్రం కత్తిరించేశాడు.

ఈలోగా జనం ఒత్తిడికి ఒక విచారణ కమిషన్ కూడా వేశారు. కర్నూలులో ఒక అద్దె ఇంటి మేడ మీద, రిటైరైన జడ్జి గారు కూర్చున్నారు. మా ఆయన్ను పిలిస్తే నేనూ వెంట వెళ్లాను. గుమాస్తా నన్ను ఏం చేస్తావని అడిగాడు. "బండలు తడతా" అన్నాను. 'గృహిణి' అని రాసుకున్నాడు.

"సార్, ఆ గీత నాది. నెర్రె గుర్తు. ఎవుర్నయినా బేతంచెర్లకు పంపి అడిగించండి."

జడ్జి గారు కళ్లద్దాలు తీసి మర్యాదగానే మాట్లాడారు. "ఇంత పెద్ద వ్యవహారంలో నీలాంటి వాళ్లకు సంబంధం ఎట్లుంటుందమ్మా?"

"సంబంధం లేదనే కదా సార్ నేను చెప్తాండేది."

"అందుకే నువ్వు బయట కూర్చో."

నాకు ఇక ఆగలేదు. "నమ్మకపోతే మానండి సార్. ఆ బండ మీద పదిమంది ఎక్కితే నా గీత మీదే పగులుతాది. కాళ్లు ఇరుగుతాయి. రాసి పెట్టుకోండి."

గుమాస్తా రాసి పెట్టుకున్నాడు. ఆ రోజు మేం చెప్పినవాటిలో అక్షరం పొల్లుపోకుండా రాసింది అదొక్కటే.

ఆ బండకు మంచి రోజులొచ్చాయి. చుట్టూ కమ్మీలు పాతారు. జాజు చెరిగిపోకుండా పైన ఎర్ర రంగు వేశారు. పూలు పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. కొట్టినవన్నీ ఆ బండ మీదే కొట్టారు. ఏడాదంతా అలా దెబ్బలు పడుతుంటే నేను ఫోనులో చూసి పళ్లు కొరుక్కున్నాను.

సంవత్సరీకం నాటికి సుంకప్ప తన బావ సీట్లో ఎమ్మెల్యే అయ్యాడు. బావ ఒరిగిన చోటే నిలబడి నివాళి అర్పిస్తానన్నాడు. కమ్మీలు తీశారు. ఆయన ఎక్కాడు. ఫొటోలో పడాలని ఆయన వెనకే అనుచరులు పదిహేను మంది ఎక్కారు. దండ వేయడానికి చేతులెత్తేసరికి ఫట్‌మంది. సుంకప్ప నడుము దాకా దిగిపోయాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది.

క్రాంతి కుమార్ దాన్ని లైవ్ పెట్టాడు. నేను ఆపి, పెద్దది చేసి చూశాను. బండ సరిగ్గా నా గీత వెంబడి పగిలింది, వేలెడు కూడా అటూ ఇటూ కాలేదు. పాపం, ఒక మనిషి కాలు విరిగింది, నాకు సంతోషం వేయకూడదు. కానీ వేసింది. మా ఆయన భుజం పట్టుకుని ఊపేశాను.

"చూస్తివా? నా చెవి తప్పు చెప్పలేదు. ఇంక ఎవుడైనా నమ్మక చస్తాడా?"

నమ్మారు. రెండు గంటల్లో అందరూ నమ్మారు. గీసింది బసమ్మేనని, బసమ్మ ముందే చెప్పిందని, కమిషన్ కాగితాల్లో అక్షరాలా ఉందని క్రాంతి కుమార్ చదివి వినిపించాడు. 'కాళ్లు ఇరుగుతాయి, రాసి పెట్టుకోండి' అన్న మాటను మూడుసార్లు వినిపించాడు. ఒకే బండ, ఇద్దరు ఎమ్మెల్యేలు, ఒకే ఆడది. ఇన్నాళ్లూ అమాయకుడైన భర్తను అడ్డం పెట్టుకుని ఆడించిందట. మర్నాడు వాడు మా వాకిట్లో నిలబడ్డాడు. నేను తలుపు తీశాను.

"నెర్రె అని నీకు ఎన్నిసార్లు చెప్పినానప్పా?" అన్నాను.

"చెప్పావక్కా. కానీ ఇంత చిన్న విషయమంటే జనం ఎట్లా నమ్ముతారు?" అన్నాడు. ఈసారి జాలిగా చూడలేదు, రెండడుగుల దూరంలోనే నిలబడ్డాడు.

కడప జైల్లో మహానంది నేనే చంపానయ్యా అని ఇప్పటికీ చెబుతున్నాడట. క్రాంతి కుమార్ లెక్కలో మాత్రం, మహానంది తనకే తెలియకుండా నా మనిషట.

మా ఆయన్ను ఓనరు పనికి పిలిపించాడు. "నీ తప్పేం లేదని తేలిపోయింది కదప్పా" అన్నాడు. నన్ను మాత్రం గేటు లోపలికి రానివ్వలేదు. నా సుత్తి కూడా ఇవ్వలేదు, అది సాక్ష్యమట. కొత్తగా ఎవరినీ పెట్టుకోలేదు. బండ మీద జాజు గుర్తంటేనే కొనేవాళ్లు హడలిపోతున్నారట. అందుకని ఇప్పుడు ఎవరూ తట్టరు, ఎవరూ గీయరు. నెర్రె ఉన్నవీ లేనివీ కలిసి లారీ ఎక్కుతున్నాయి.

మొన్న మా ఆయన అన్నం తింటూ చెప్పాడు. కమిషన్‌కు గడువు ఇంకో ఏడాది పెంచారట. అద్దె ఇల్లు చాలడం లేదని కర్నూలులోనే కొత్త హాలు కడుతున్నారట. జడ్జి గారు కూర్చునే ఎత్తు అరుగుకు బండలు మా ఫ్యాక్టరీ నుంచే పోయాయట.

"లోడెత్తేటప్పుడు ఒక బండ మొద్దుగా పలికింది బసమ్మా. పోయి చెప్పొస్తావా?"

చెప్పాలనే ఉంది. చెప్పులు కూడా తొడుక్కున్నాను. మళ్లీ విప్పి మూలన పెట్టేశాను.