బళ్ళో మాట్లాడని పిల్ల

ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలొచ్చి గుద్దుకున్న వరద ఏడాది అది. నీళ్లు తీశాక మళ్లీ నాటిన మిరప కోతకొచ్చేసరికి మాఘం దాటింది. అప్పుడే బడి నుంచి బుల్లయ్యకు కబురొచ్చింది. మనవరాలు మోక్షిత ఒకటో తరగతిలో చేరిన దగ్గర్నుంచి నోరు విప్పలేదట. శనివారం లోపు ఏదో ఒకటి తేలకపోతే మూగపిల్లల బడికి రాసి పంపుతారట.

ఇంట్లో ఆ పిల్ల నోరు మూతపడదు. కోడితో మాట్లాడుతుంది, కుక్కతో మాట్లాడుతుంది, కల్లంలో ఎండబోసిన మిరపకాయలతో కూడా మాట్లాడుతుంది. అయినా బుల్లయ్య భార్య వెంకటరావమ్మ మాటలు రావాలని రోజూ వసకొమ్ము అరగదీసి మనవరాలి నాలిక్కి రాస్తూనే ఉంది.

"రాసిన వస అంతా ఇంట్లోనే అయిపోతోంది," అని మొగుడి మీద విసుక్కుంది. "అన్నీ నీ పోలికలే. నీ నోట్లోంచి ఓ మాట రాలాలంటే వాయుగుండం పట్టాల!"

గురువారం పొద్దున బుల్లయ్య కండువా భుజాన వేసుకుని యూనివర్సిటీకి బస్సెక్కాడు. అక్కడ ఆయన చెల్లెలి మనవరాలు హారిక సైకాలజీ చదువుతోంది.

సంగతి విని హారిక ఆయన్ని లైబ్రరీకి తీసుకెళ్లింది. ఆయన చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. కండువాలోని మిరప ఘాటు మాత్రం వెంటే వచ్చింది. లైబ్రేరియన్ సాజిదా రెండుసార్లు తుమ్మి, "ఏమ్మా హారికా, మిర్చి యార్డుని వెంటబెట్టుకొచ్చావా?" అంది.

హారిక కంప్యూటరు ముందు కూర్చుని, మాట్లాడని పిల్లలు అని వెతికింది. నలభై వేల వ్యాసాలు వచ్చాయి. చెవుడున్న పిల్లలు, మాటలు ఆలస్యమైన పిల్లలు, జబ్బు చేసి మాట పోయినవాళ్లు.

"ఇవన్నీ చదివేసరికి మోక్షిత పెళ్లికెదుగుద్ది తాతయ్యా."

బుల్లయ్య తెర వంక చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు తెలియలేదు గానీ, తాలుకాయ, మంచికాయ కలిసిపోయిన రాశి ఆయనకు తెలుసు.

"అన్నీ కలిపి పోశావు," అన్నాడు. "ఇంట్లో మాట్లాడుద్ది. బళ్ళో మాట్లాడదు. అది రాయి."

సాజిదా గభాల్న లేచి వచ్చింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ పెద్దాయనా! దానికో పేరుంది. సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. హారికా, మన మాటలతో వెతికితే ఇంతే. డేటాబేసులో విషయాల పేర్ల జాబితా ఉంటుంది, ముందు దాన్ని చూడాలి."

ఆ పేరు పెట్టారు. చిన్నపిల్లలు, బడి అని రెండు హద్దులు పెట్టారు. నలభై వేలు అరవైకి దిగాయి. అందులో కావలసిన వ్యాసానికి డబ్బు కట్టందే తెరవని తాళం వేసి ఉంటే, యూనివర్సిటీ పేరు మీద లోపలికెళ్లి తెరిచారు.

హారిక చదువుతూ తెలుగులో చెప్పింది. ఇది పొగరు కాదు, భయం. ఎదురుగా కూర్చుని మాట్లాడు మాట్లాడంటే గొంతు ఇంకా బిగుసుకుంటుంది. ఎవరూ లేని తరగతి గదిలో ఇంటి మనిషి పక్కన కూర్చోవాలి. చేతికి పని ఉండాలి. ఏమీ అడగకూడదు. మాట వస్తే అబ్బో అని మెచ్చుకోకూడదు. టీచరు రోజుకింత దగ్గరికి రావాలి.

"మొండితనం కాదా?" అన్నాడు బుల్లయ్య.

"కాదు తాతయ్యా."

ఆయన తన చేతులు చూసుకుంటూ చెప్పాడు. "మూడో తరగతిలో నన్ను బల్లెక్కించి పాఠం అప్పజెప్పమన్నారు. నోరు పెగల్లా. మర్నాటి నుంచి బడికి పోలా."

తన ఇరవై రెండేళ్లలో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా అనడం హారిక వినలేదు. ఆ వ్యాసం ప్రింటు తీసి, తనూ బస్సెక్కింది.

సాయంత్రం ఇద్దరూ టీచరు ప్రేమమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె కాగితాలు తిరగేసి, హారిక చెప్పిందంతా విని, "నేను రోజూ ఎదురుగా నిలబెట్టే అడిగానండీ," అని తలొంచుకుంది. "రేపు గంట ముందే తలుపు తీస్తాను. వరండాలోనే ఉంటా. శనివారం మాట వదిలేయండి."

మర్నాడు పొద్దున్నే బుల్లయ్య ఒళ్లో పత్తి మూటతో, పక్కన మనవరాలితో, ఒకటో తరగతి వెనక బల్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు బల్లకి తగులుతున్నాయి. గింజ తీసి, వత్తి చేసి, పక్కన పెట్టాడు. పిల్ల కూడా ఒకటి చేసింది. బల్ల మీద వత్తులు పోగవుతున్నాయి. వరండాలో ప్రేమమ్మ చీపురు చప్పుడు.

"తాతా," అంది మోక్షిత, వినిపించీ వినిపించకుండా. "దాంట్లో గింజుంది."

చీపురు ఆగిపోయింది. బుల్లయ్య పిల్ల వైపు తిరగలేదు. ఆ గింజ తీసేసి, పత్తి కొంచెం ఆమె ముందుకు జరిపాడు.