తొమ్మిది కిలోల తేమ

ఒక వస్తువు పుట్టినప్పటి నుంచి మళ్లీ ఇంకో వస్తువుగా మారేదాకా ఎంత కరెంటు తిన్నదో, ఎన్ని నీళ్లు తాగిందో, ఎంత పొగ వదిలిందో తేల్చడం నా ఉద్యోగం. పాత సీసాను కరిగించి కొత్త సీసా చేస్తే భూమికి మేలని అందరూ అంటారు. ఎంత మేలో చెప్పమంటే నీళ్లు నములుతారు. అప్పుడు నన్ను పిలుస్తారు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని తెలిసి కూడా పిలుస్తారు.

ఈ ఫ్యాక్టరీకి నేను రావడం ఇది రెండోసారి. ఊళ్లో పారేసిన ప్లాస్టిక్ సీసాలు నొక్కి కట్టిన పెద్ద పెద్ద మోపులుగా, అంటే బేళ్లుగా, ఇక్కడికొస్తాయి. వాటిని విప్పి, వేడినీళ్లలో కడిగి, ముక్కలు చేసి అమ్ముతారు. కొత్త ప్లాస్టిక్ కంటే ఈ ముక్కలే నయమని నా నివేదిక చెబితేనే పెద్ద కంపెనీలు వీటిని కొంటాయి. మూడేళ్ల కిందట అలాగే చెప్పాను. ఇప్పుడు దాన్ని తిరగరాయాలి.

వంద కిలోల బేలు లోపలికెళితే డెబ్బై రెండు కిలోల ముక్కలు బయటికొస్తాయి. మూతలు పదమూడు. మట్టి, ఇసుక, బురద కలిపి ఆరు. మిగిలిన తొమ్మిది కిలోలు ఎక్కడా లేవు. మా పనిలో ఒక పాడు అలవాటుంది. వచ్చిన బరువుకీ వెళ్లిన బరువుకీ పొంతన కుదరకపోతే తేడాను ‘తేమ’ అని రాసేస్తాం. బేళ్లు తడిసి వచ్చాయి, ఆరాయి, ఆవిరైపోయింది. ఆవిరిని ఎవరూ పట్టుకుని అడగలేరు కదా. మూడేళ్ల కిందట నేనూ అదే రాసి చేతులు దులుపుకున్నాను.

ఈసారి నాలుగు నెలలుగా చుక్క వాన లేదు. బేళ్లు కరకరలాడుతున్నాయి. అయినా తేడా అదే తొమ్మిది. అనుమానం వచ్చి నమూనా తీసుకెళ్లి మా ల్యాబు పొయ్యిలో ఆరబెట్టాను. వందకి కిలోన్నర తేమ తేలింది. మిగతా ఏడున్నర కిలోలు కళ్లముందే ఎవరో మింగేస్తున్నారు. ఫ్యాక్టరీలో అలా మింగగలిగేది నీళ్లు కాచే బాయిలర్ పొయ్యి ఒక్కటే.

ఆ బాయిలర్ నడిపేది మా బావ. మా అక్క మొగుడు. ఆ సంగతి మా ఆఫీసులో నేను చెప్పలేదు. చెప్పాలని రూలుంది. మొదటిసారి వచ్చినప్పుడు, రెండు రోజుల పనే కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదంటారు.

బావా అక్కా ఫ్యాక్టరీ ప్రహరీ లోపలే, క్వార్టర్లలో ఉంటారు. రెండు గదులు, ఒక వసారా, వసారాకు అడ్డంగా బట్టల తీగ. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేసరికి అక్క తీగమీది దుప్పటి దులుపుతోంది. తెల్ల దుప్పటిమీద నల్లటి రవ్వలు, వేలితో తుడిస్తే జిడ్డుగా అంటుకున్నాయి. బాయిలర్లో చెక్కే కాలుస్తున్నామని వాళ్ల పుస్తకంలో ఉంది, కానీ చెక్క మసి పొడిగా రాలిపోతుంది, ఇలా అంటుకోదు.

“బావా, బాయిలర్లో ఏం కాలుస్తున్నావు?” అన్నాను కంచం ముందు కూర్చోకుండానే.

“చెక్క. పుస్తకంలో రోజూ రాస్తున్నాగా మరదలుపిల్లా,” అన్నాడు నవ్వుతూ. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. దగ్గు ఆగేసరికి నవ్వు లేదు. అక్క నీళ్లగ్లాసు అందించింది. ఆ గ్లాసు అప్పటికే చేతిలో పట్టుకుని ఉంది. అంటే ఇది రోజూ ఉండే తంతేనన్నమాట.

“ఎన్నాళ్ల నుంచీ దగ్గు?”

“నువ్వు సీసాల డాక్టరువా, మనుషుల డాక్టరువా?” అంది అక్క. “తిను ముందు.”

తినలేదు. మళ్లీ అడిగాను. బావ కంచంలో వేళ్లు ఆడిస్తూ నెమ్మదిగా చెప్పాడు. చెక్క లారీ వారానికొకటే వస్తుంది. అది చాలదు. సీసాలకు చుట్టిన రంగు లేబుళ్లు, చిరిగిన కవర్లు, ఎవరూ కొననివన్నీ బస్తాలకెత్తి తెస్తారు. అవి వేస్తే నీళ్లు త్వరగా కాగుతాయి. వేయకపోతే కడిగే లైను ఆగుతుంది. మూడేళ్లు కాదు, ఆరేళ్లుగా ఇదే పని.

“నేను మొదటిసారి వచ్చినప్పుడు చెక్కలు చూపించావుగా!”

“నువ్వు చూస్తానన్నది చెక్కలేగా. చూపించాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. బావమీద కాదు. ఫ్యాక్టరీకి పని మీద వచ్చి చుట్టపుచూపుగా చూసి వెళ్లిన నామీదే.

“రాసేస్తాను బావా. ఆ పొగే నీ ఊపిరితిత్తుల్లోకి పోతోంది.”

అక్క గిన్నె టక్కున కింద పెట్టింది. “రాస్తే ఎవరు చెప్పారని అడగరా?”

అడుగుతారు. మా నివేదికలో ప్రతి సంఖ్య పక్కనా ‘ఆధారం’ అని ఒక గడి ఉంటుంది. ఎవరు చెప్పారో, ఏ పుస్తకంలో ఉందో రాయాలి. గడి ఖాళీగా ఉంటే సంఖ్య చెల్లదు. బావ పేరు రాస్తే బావ ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు ఈ రెండు గదులూ. రాయకపోతే బావే మిగలడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదెలా ఉంటుందో ఆ వసారాలో నాకు తెలిసింది.

ఒక దారి దొరికిందనుకున్నాను. ఎవరి మాటా అక్కర్లేకుండా నేనే తూచి రాస్తే, ఆధారం గడిలో నా పేరే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే తూకం యంత్రం పట్టుకుని బాయిలర్ గదిలో కూర్చున్నాను. ఆ గదికి ఒక్కటే తలుపు, పైన అరచేయంత కిటికీ. బస్తా వస్తుంది, తూస్తాను, రాసుకుంటాను. బావ బస్తా ఎత్తి పొయ్యి నోట్లో కూరుతాడు. తూచగానే పక్కన పెట్టేయమందామంటే లైను చల్లబడుతుంది, మేనేజరు పరిగెత్తుకొస్తాడు. కాబట్టి నేను లెక్కపెట్టిన ప్రతి బస్తా నా కళ్లముందే కాలింది. పదో బస్తాకు నాకూ దగ్గు మొదలైంది.

“ఇద్దరం కోరస్ పాడుతున్నాం,” అన్నాడు బావ. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రానికి తేలింది. వందకి ఏడున్నర కిలోలు. గ్రాములతో సహా కలిసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక సంఖ్య కలిసినందుకు నాకు ఏడుపు రావడం అదే మొదలు. పాత నివేదికలో తేమ అని రాసింది తప్పని, ఆ తప్పు నాదేనని కూడా చేర్చి ముసాయిదాను ముందు మేనేజరుకు పంపాను.

మేనేజరు గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. మర్యాదకు ఏ లోటూ లేదు. గోడమీద నేను గీసిన బొమ్మే ఉంది. బేళ్ల యార్డు, కడిగే లైను, బాయిలర్, ముక్కల గోదాం, వీటన్నిటి చుట్టూ ఒక గీత. గీత లోపలున్న పొగంతా ఫ్యాక్టరీ ఖాతాలోకి వస్తుంది.

“చాలా కష్టపడ్డారు మేడం. మీ సంఖ్య మీద నాకు గొడవే లేదు,” అన్నాడు. “బాయిలర్‌ను బయటివాళ్లకు అప్పగించేశాం. ఇకమీదట నీళ్లు కాచే ఆవిరిని కొనుక్కుంటాం. కొన్న ఆవిరికి మీ రూల్సు వేరే కదా?”

వేరే. బయట కొన్న ఆవిరికి, అమ్మినవాడు ఏ ఇంధనం చెబితే దానికి మా రూల్సు పుస్తకంలో ఉన్న సగటు అంకె వేస్తాం. నివేదిక ఇప్పుడున్న ఏర్పాటును బట్టే రాయాలి, కాబట్టి నిన్నటిదాకా ఫ్యాక్టరీదైన బాయిలర్లో నేను తూచింది పనికిరాదు. గీతను రెండంగుళాలు ఇవతలికి జరిపితే చాలు, పొగ మొత్తం మాయమవుతుంది.

“ఎవరికి అప్పగించారు?”

“నమ్మకస్తుడికే. మీ బావగారికి,” అన్నాడు మేనేజరు. బావగారు అన్న మాటను మెల్లగా, ఒత్తి పలికాడు. “ఈ చుట్టరికం మీరు మాకు చెప్పలేదు గానీ, మేం మీ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు మేడం. చెప్పం కూడా.”

క్వార్టరు గుమ్మంలోనే బావ ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. “ఓనరయ్యాను మరదలా! ఇల్లు ఇక ఎవడూ ఖాళీ చేయించలేడు. కాగితమ్మీద రాసిచ్చారు,” అన్నాడు. అక్క కళ్లల్లో అంత తెరిపి నేను చూసి ఎన్నేళ్లయిందో.

“ఆ కాగితంలో పొగకి ఎవరు బాధ్యులని ఉంది బావా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చదవకుండానే సంతకం పెట్టారని అర్థమైంది.

నా చేతిలో ఒక్క ప్రశ్నే మిగిలింది. ఆవిరి అమ్మేవాడిని నేను అడిగి తీరాల్సిన ప్రశ్న. బావ ‘లేబుళ్లు’ అని ఒక్క మాట అంటే చాలు, సగటు అంకె చెల్లదు, నా ఏడున్నర కిలోలు మళ్లీ పైకొస్తాయి. నేను కింద కూర్చుని కాగితం తీశాను.

“ఓనరుగారూ, మీ బాయిలర్లో ఏం కాలుస్తున్నారు?”

బావ ముఖం పాలిపోయింది. నావైపు చూశాడు, అక్కవైపు చూశాడు, తలమీది కప్పువైపు చూశాడు. దగ్గు తన్నుకొస్తుంటే పెదాలు బిగించి ఆపుకున్నాడు.

“చెప్పు బావా. నిజం చెప్పు. నేను చూసుకుంటాను.”

“ఏం చూసుకుంటావే?” అంది అక్క. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కలం మూత తీశాను.

“చెక్క,” అన్నాడు బావ.

రాశాను. పక్కన ఆధారం గడిలో బావ పేరు రాశాను. మూడేళ్ల కిందట తెలియక అబద్ధం రాశాను. ఇప్పుడు అబద్ధమని తెలిసీ సొంత మనిషి పేరుతో రాశాను. కింద సంతకం చేసేలోపు బావకు దగ్గు ఆగలేదు, అక్క గ్లాసు అందుకుంది. నేను కలం మూత పెట్టి, తీగమీది దుప్పటి తీసి, వసారాలో నిలబడి దులపడం మొదలుపెట్టాను. ఎంత దులిపినా ఆ రవ్వలు వదల్లేదు.