వేడి చూసే వేలు

"ఇంకొంచెం గట్టిగా నొక్కండి," అంది గాజు పలక అవతల కూర్చున్న గుమాస్తా అమ్మాయి.

పిచ్చుక నొక్కింది. ఆకుపచ్చ దీపం వెలగాల్సిన చోట మళ్లీ ఎర్రదే వెలిగింది. పొద్దున్నే లాండ్రీలో ఒక పూట పని చేసి, మేస్త్రీని బతిమాలుకుని, రెండు బస్సులు మారి, వీసా ఆఫీసు ముందు ఎండలో నిలబడి, చివరికి ఈ కుర్చీలో కూర్చుంటే వేలిముద్రలు పడటం లేదు. గుమాస్తా అమ్మాయి ఆమె చేత చేతులు కడిగించింది, తుడిపించింది, తడి దూదితో అద్దించింది. ఎడమ చిటికెన వేలొక్కటి ఎలాగో కరుణించింది. మిగతా తొమ్మిదింటినీ ఆ యంత్రం వేళ్లుగానే లెక్కచేయలేదు.

"ఏం పని చేస్తారు మీరు?"

"లాండ్రీలో ఇస్త్రీ చేస్తానమ్మా."

అమ్మాయి ఆమె చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది. వేలికొసలు అరిగిపోయిన సబ్బుబిళ్లల్లా నున్నగా మెరుస్తున్నాయి. కుడి బొటనవేలైతే మరీను. గీత అన్నది మచ్చుకైనా లేదు.

"వేళ్లే లేనివాళ్లకైతే వేరే పద్ధతి ఉందండీ, డాక్టరు కాగితం తెస్తే చాలు. ఉన్న వేళ్లకి గీతలు లేకపోతే ఏం చెయ్యాలో మాకు చెప్పలేదు," అంది.

పాపం, ఆ పిల్ల చెడ్డది కాదు. తానన్న మాట ఎంత చోద్యంగా ఉందో ఆమెకే తెలిసి తల దించుకుంది. కొన్ని వారాలు పని మానేసి చేతులకు నూనె రాస్తూ ఉంటే గీతలు తిరిగి వస్తాయని, తాను ఇలాంటి చేతులు చాలా చూశానని చెప్పింది. గడువుకు ముందు మిగిలిన ఆఖరి తేదీ వెతికి రాసిచ్చింది. ఆ గడువు దాటితే దరఖాస్తు రద్దవుతుందని, మళ్లీ మొదటినుంచీ పెట్టుకోవాలని కూడా చెప్పింది. ఈ కుర్చీదాకా రావడానికే పిచ్చుకకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడామెకు ముప్పై ఆరు.

మనిషి పొట్టి, చేతులు చురుకు, అందుకే పిచ్చుక. అసలు పేరు వీసా కాగితాల మీద తప్ప ఎక్కడా పలకదు. ఆమె కట్టుకున్నవాడు మాత్రం పరదేశి. లాండ్రీ యజమాని కొత్త బాయిలరు తెప్పించినప్పుడు దాన్ని బిగించడానికి వెంట వచ్చిన మెకానిక్కు. నెలలో పోవాల్సినవాడు, గొట్టాలు కుదరక వానాకాలం దాకా ఉండిపోయాడు. మన మాట నేర్చుకున్నదంతా ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ల నోటినుంచే. అందుకే అంత ఎత్తు మనిషీ ఆశ్చర్యమేస్తే బుగ్గన చెయ్యి పెట్టుకుని "అమ్మో, ఎంత చోద్యమే!" అనేవాడు. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. బాయిలర్ బావ అని పేరు కూడా పెట్టేశారు.

పిచ్చుకతో అతనికి పరిచయమైందీ ఆ బొటనవేలి వల్లనే. ఆ లాండ్రీలో ఇస్త్రీపెట్టెలన్నీ పాతవి. వేడి పెంచి తగ్గించే మీటలు ఎప్పుడో పాడయ్యాయి. బట్ట మాడితే ఆ రోజు కూలి పోయినట్టే. కాబట్టి ప్రతి ఆడదీ బొటనవేలు నాలుకకు అద్దుకుని, పెట్టె అడుగుకు చిటుక్కున తగిలించి తీస్తుంది. ఆ ఒక్క క్షణంలో వేడి ఎంతుందో వేలు చెప్పేస్తుంది. తొలిరోజు పిచ్చుక అలా చేయడం చూసి బాయిలర్ బావ కెవ్వున అరిచాడు. పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ల బకెట్లో ముంచేశాడు. గది గదంతా పకపకలు. తనకేమీ కాలేదని అతని భాషలో చెప్పడం రాక, పిచ్చుక అదే వేలు మళ్లీ పెట్టెకు తగిలించి చూపించింది. అతనింకా గట్టిగా అరిచాడు. అలా మొదలైంది వాళ్ల కథ.

ఒక్క రోజు ఆగితే మీటలన్నీ బాగుచేసి పెడతానని, స్ప్రింగులు కొనిస్తే చాలని అతను యజమానిని అడిగాడు. వాళ్లకి అలవాటేనయ్యా, నీకెందుకు అన్నాడు యజమాని. ఉన్నమాట చెప్పుకోవాలి, పిచ్చుక కూడా నవ్వింది. పట్టుబట్టకు ఎంత వేడి, నూలుకు ఎంత, హోటలు దుప్పటికి ఎంత అన్నది వేలితో చెప్పగలగడం ఆమెకు గొప్ప. పనిలో చేరినప్పటినుంచీ ఒక్క బట్ట మాడ్చలేదని అందరితో చెప్పుకునేది. మీటలు పెడితే మా గొప్పేముంటుందని అతన్నే ఆటపట్టించింది.

పని అయ్యాక తన దేశం వెళ్లిపోయిన అతను, తర్వాత సెలవు పెట్టి మళ్లీ వచ్చాడు. రిజిస్ట్రారు ముందు ఇద్దరూ సంతకాలు చేశారు. పదిమందిని పిలిచి చేసుకునే పెళ్లి మాత్రం ఆమె అక్కడికి వచ్చాకే అనుకున్నారు, అతని తల్లి ప్రయాణం చెయ్యలేదు కనక. అక్కడ అతను రెండు కిటికీల గది అద్దెకు తీసుకున్నాడు. పెళ్లికి హాలు మాట్లాడాడు, వంటవాడికి చెప్పాడు. వీసా వెనక్కి జరిగినప్పుడల్లా ఆ తేదీ కూడా జరుగుతూ వచ్చింది. ఇప్పటికి మూడుసార్లు మార్చాడు. వంటవాడు తనను చూస్తేనే పక్క వీధిలోకి తప్పుకుంటున్నాడని ఫోనులో చెప్పి నవ్వించేవాడు. ఈమధ్య ఆ నవ్వు కూడా తగ్గింది.

ఇక్కడ ఆమెకు ఇల్లున్నా లేనట్టే. ఎలాగూ వెళ్లిపోతుంది కదా అని అన్నావదినలు ఆమె గదిని ఒక నర్సుకు అద్దెకిచ్చారు. అన్నయ్య బస్సు డ్రైవరు. ఆ అద్దెతోనే పిల్లవాడి స్కూలు ఫీజు గడుస్తోంది. పిచ్చుక మంచం వేసే చోటు లేక ముందుగదిలో చాప పరుచుకుంటోంది. వీధిలో ఎవరు ఎదురైనా "ఇంకా వెళ్లలేదా?" అనే అడుగుతారు. ఆ మాటకు తల కొట్టేసినట్టుండేది. సంతకాలు పెట్టి పెళ్లికూతురిలా కూర్చున్న మనిషి ఏళ్లు గడిచినా అదే చాప మీద ఉంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

ఆ రోజు వీసా ఆఫీసునుంచి నేరుగా లాండ్రీకే వెళ్లింది. చేతులకు తొడుగులిప్పించండి, పని మానకుండానే గీతలు తెచ్చుకుంటానని యజమానిని అడిగింది. తొడుగులుంటే వేడి ఎలా తెలుస్తుందని అతను అడిగాడు. అదీ నిజమే. బట్టలు మడిచే బల్లకు పంపమంది. అక్కడ సగం కూలే. ఇష్టమేనంది. కానీ మంచి చెయ్యిని మడతలకు పంపితే దుప్పట్లు ఎవరు చూస్తారని మేస్త్రీ అడ్డుపడ్డాడు. చివరికి జీతం లేని సెలవే మిగిలింది.

ఇంట్లో ఆ మాట చెబితే అన్నయ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. వదిన గిన్నెల బుట్ట తన వైపుకు లాక్కుంది.

ఆ వారాలన్నీ వదినే తోమింది, ఉతికింది, ఊడ్చింది. సణగలేదా అంటే సణిగింది. "మహారాణిగారికి మంచినీళ్లు కూడా నేనే అందించాలి కాబోలు," అంటూనే రోజూ సాయంత్రం నూనె గిన్నె పట్టుకుని వచ్చి కూర్చునేది. ఒక్కో వేలూ పట్టుకుని నెమ్మదిగా రుద్దేది.

"నా పెళ్లికి కూడా నన్నెవరూ ఇంత చూసుకోలేదే తల్లీ," అంది ఒకరోజు. "నువ్వు పోతే ఇల్లు బోసిపోతుంది. అయినా పో. ఇక్కడ ఏముందని?"

గీతలు వచ్చాయి. ముందు పాల మీద మీగడ ముడతల్లా సన్నగా, తర్వాత కొంచెం కొంచెంగా తేరుకుని. అన్నిటికన్నా ఆఖర్న బొటనవేలు. అది కూడా వచ్చిన రోజున పిచ్చుక ఫోనులో వేలు పైకెత్తి బాయిలర్ బావకు చూపించింది. అతను బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అమ్మో, ఎంత చోద్యమే!" అన్నాడు. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మర్నాడే వంటవాడిని పట్టుకుని నాలుగో తేదీ చెప్పేస్తానన్నాడు. వద్దు, ఆగు అంది కానీ ఆమెకూ లోపల ఆగలేదు. ఎన్నాళ్లకో ఆ వేళ కడుపారా తినగలిగింది.

వీసా ఆఫీసుకు వెళ్లే రోజు వచ్చింది. అన్నయ్యకు తొలి బస్సు డ్యూటీ. యూనిఫారం చొక్కా నలిగి ఉంది. వదిన పొయ్యి దగ్గర సతమతమవుతోంది, పిల్లవాడు ఒక చెప్పు కనబడక ఇల్లంతా తిరుగుతున్నాడు. "ఆ చొక్కా ఒక్కటీ అయ్యాక నీ జడ వేస్తానుండు," అంది వదిన. ఇన్ని వారాలు కూర్చుని చేయించుకున్నందుకు పిచ్చుకకు సిగ్గేసింది. ఒక్క చొక్కా, చేతికి నీళ్లు కూడా తగలవు. "నేను చేస్తాలే వదినా," అంది.

ఇంట్లోది కొత్త పెట్టె. దానికి మీట ఉంది, మీట పక్కన చిన్న దీపం ఉంది. వేడెక్కగానే ఆ దీపం ఆరిపోతుంది. అది ఆరడం పిచ్చుక చూసింది కూడా. చూసి పెట్టె ఎత్తింది. బొటనవేలు దానంతటదే నాలుకకు తగిలింది, పెట్టె అడుగుకు తగిలింది.

పదకొండేళ్లలో ఆ వేలు ఎన్నడూ కాలలేదు. కాలడానికి అక్కడ తోలు ఉంటే కదా? ఇప్పుడు ఉంది. పసిపిల్ల చర్మంలాంటిది, వదిన నూనె రాసి రాసి తెప్పించిన చర్మం. చుర్రుమంది. పెట్టె వదిలేసి వేలు నోట్లో పెట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. వదిన పరుగున వచ్చింది. ఏమైందని అడగబోయి, అడక్కుండానే అర్థమై, తల పట్టుకుని పక్కనే కూర్చుంది. అన్నయ్య చొక్కా తీసుకుని, నలిగినదే తొడుక్కుని వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

వీసా ఆఫీసులో ఆ అమ్మాయే ఉంది. పిచ్చుకను గుర్తుపట్టి నవ్వింది. తొమ్మిది వేళ్లకు తొమ్మిదిసార్లూ ఆకుపచ్చ దీపం వెలిగింది. ఒక్కొక్కటి వెలిగినప్పుడల్లా ఆ అమ్మాయే ఎక్కువ సంతోషపడింది. అప్పుడు పిచ్చుక మడిచి దాచుకున్న బొటనవేలు బయటకు తీసింది. ఉబ్బిన పొక్కు తెల్లగా ఉంది.

"అయ్యో, ఇదేంటండీ," అంది అమ్మాయి. లేచి లోపలికి వెళ్లి పెద్ద అధికారితో చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చినప్పుడు మొహం చూస్తేనే తెలిసిపోయింది. వేలు ఉంది కాబట్టి ముద్ర కావాలి. గాయం ఉంది కాబట్టి ముద్ర తీసుకోకూడదు. మానేదాకా ఆగుదామంటే గడువులోపల ఇంకో తేదీ లేదు. ఎలా కాలిందని ఆ పిల్ల అడిగింది. పిచ్చుక వేలు మళ్లీ మడిచి దాచుకుంది. వేడి చూశానంటే ఎవరు నమ్ముతారు? దీపమున్న పెట్టెకు వేలు పెట్టే మనిషి ఉంటుందా?

ఫోనులో బాయిలర్ బావ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. ఆ రోజు స్ప్రింగులు తానే కొనేసి మీటలు బిగించి ఉండాల్సింది అన్నాడు, అంతే. మళ్లీ దరఖాస్తు పెడతానన్నాడు. పెట్టమంది. రెండేళ్లంటే ఎంతలో అయిపోతాయన్నాడు. అవునంది. హాలు మాట, వంటవాడి మాట అతనెత్తలేదు, ఆమె అడగలేదు. రెండు కిటికీల గది వదిలేసి తల్లి దగ్గరికి మారిపోతే ఖర్చు కలిసొస్తుందేమో అని మాత్రం ఆఖర్న మెల్లగా అన్నాడు. ఆ మాటతో ఆమెకు అంతా తెలిసిపోయింది. ఫోను పెట్టేశాక చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికైనా కొంచెం ఆశ మిగిలి ఉండాలి.

పొక్కు మానకముందే పనిలోకి వెళ్లాల్సి వచ్చింది. పిల్లవాడి ఫీజు గడువు ఏ వేలి కోసమూ ఆగదు. లాండ్రీలో పక్క బల్ల పెద్దక్క ఆమె వీపు మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఏళ్లు ఇస్త్రీ చేసిన మనిషి ఆవిడే.

మేస్త్రీ బాగా సంతోషించాడు. నువ్వు లేక ఎన్ని దుప్పట్లు మాడాయో తెలుసా అన్నాడు. హోటలు నుంచి కొత్తరకం దుప్పట్లు వచ్చాయట, బట్ట పలచన, ఏమాత్రం వేడెక్కినా పోతుందట. పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టి, మిగతా బల్లలవాళ్లను కూడా పిలిచాడు.

"వేడి చూసి చెప్పు. నువ్వు చెప్పినంతే అందరికీ."

పిచ్చుక పెట్టె వైపు చూసింది. మీట ఉండాల్సిన చోట బొక్క ఉంది. పదకొండేళ్లుగా ఆ బొక్క అక్కడే ఉంది, ఆమె దాన్ని ఇంతవరకూ సరిగా చూడనే లేదు. ఆమె రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

"నేను పెట్టను," అంది.

మేస్త్రీకి వెంటనే అర్థం కాలేదు. కాలిన వేలు కాకపోతే ఇంకోటి పెట్టమన్నాడు.

"ఏ వేలూ పెట్టను. మీట బిగించమనండి. లేకపోతే అయ్యగారినే వచ్చి వేలు పెట్టి చూసుకోమనండి."

ఆమె అరవలేదు. రోజూ మాట్లాడే గొంతుతోనే అంది. మేస్త్రీ మొహం కందగడ్డయింది. కూలి కోసేస్తానన్నాడు, రేపట్నుంచి రావద్దన్నాడు. తలుపు చూపించాడు. ఆమె కదల్లేదు. వెళ్లడానికి ఇంకో దేశం లేదు, వెనక్కి పోవడానికి ఇంట్లో గది లేదు. ఎక్కడికని కదులుతుంది?

ఇక లాభం లేదని మేస్త్రీ పక్క బల్లకేసి తిరిగి, నువ్వు చూడు పెద్దక్కా అన్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు, ఆవిడ బొటనవేలు అప్పటికే నాలుకకు అద్దుకుంది. చెయ్యి ముందుకు చాచింది. ఆవిడ పిచ్చుక మొహంకేసి చూసింది. బల్ల మీద పెట్టె వేడెక్కుతూనే ఉంది, కింద పరిచిన గుడ్డ మాడుతున్న వాసన గదంతా కమ్ముకుంటోంది. పెద్దక్క తడి వేలు పెట్టెకు జానెడు దూరంలో ఆగి ఉంది.