నల్లది పండుకోలే

తెల్లారగానే గంగులయ్య మంద చుట్టూ కట్టిన వల చుట్టేసి గొర్రెల్ని లేపాడు. శేషారెడ్డి చేన్లో రాత్రికి మంద తోలితే ఎరువుకు ఎరువు, జోస్యానికి జోస్యం. అరవై జీవాలూ ఒళ్ళు విదిలించుకుంటూ లేచాయి. నల్లగొర్రెను మాత్రం లేపే పనే లేకపోయింది. అది పండుకుంటే గదా!

ఆ పొద్దు మనిషి నెత్తురు పడబోయే నేలమీద నల్లది మోకాలు వంచదు. ఎనిమిదేళ్ళుగా అంతే. చెరువు కట్ట కింద రెండుసార్లు నిలబడింది, రెండుసార్లూ శవాలు లేచాయి. అప్పట్నుంచి పెద్దముడియం చుట్టుపక్కల ఏ పార్టీవాడు పెండ్లి చేసినా, మీటింగు పెట్టినా ముందు గంగులయ్య మందను తోలించుకునేవాడు. నిలబడిందంటే పందిరి పీకేయడమే. పోలీసులు కూడా డ్యూటీ వేసుకునే ముందు కనుక్కునేవాళ్ళు.

ఆ రోజు మీటింగు ఆ చేన్లోనే, అణు కరెంటు ఫ్యాక్టరీ గురించి. పోయిన ఎన్నికల ముందు శేషారెడ్డి పార్టీవాళ్ళు వద్దని ధర్నా చేశారు, అవతలివాళ్ళు కావాలన్నారు. గెలుపు ఇటు తిరిగాక మాటలూ తిరిగిపోయాయి. జమ్మలమడుగులో కావాలని ఊరేగింపు, ప్రొద్దుటూరులో వద్దని ఊరేగింపు. ఉద్యోగాలంట, విషమంట, నీళ్ళన్నీ దానికే లాగుతారంట. కొండ కింద బంజరులో మేసే గొర్రెల మాట మాత్రం ఒక్కడి నోటా రాలేదు. పట్టా లేని మేత మరి! అక్కడ ఫ్యాక్టరీ కంచె పడితే గంగులయ్య అరవై జీవాల్నీ కటికవాడికి అమ్ముకోవాల్సిందే.

శేషారెడ్డి జీపు దిగాడు. "ఏంరా గంగులా, నల్లది పండుకునిందా?"

గంగులయ్య లోపల లెక్కేసుకున్నాడు. పోయేది ఈయప్పే అయితే? ఈయప్ప పోతే కంచె పడదు గదా!

"పండుకునింది రెడ్డీ. సల్లగా పండుకునింది."

నల్లది మీద అతనాడిన మొదటి అబద్ధం అది.

"ఇంకేం! కడప నుంచి ఆఫీసర్లు వస్తాండారు. ముందు వరసలో కూర్చోని, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తు."

ఇంటికి పోయి పెండ్లాం పోలమ్మను మందతో కొండకు పొమ్మన్నాడు. "మీటింగు కాడికి రావాకు."

"ఏమి, నల్లది నిలబడిందా?"

రెడ్డికి ఒక మాట, ఇంట్లో ఒక మాట చెప్తే ఊరంతా పాకుతుంది. "లేదులే, పండుకునింది" అన్నాడు.

"అట్లయితే సరే" అంది పోలమ్మ.

షామియానా కింద ఆఫీసరు కాగితం చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు. ముందు వరసలో ఒక్కడూ కదల్లేదు.

"నాకుండాది" అంది వెనకనుంచి ఒక గొంతు. పోలమ్మ! మందను పక్కింటి ఓబులయ్యకు అప్పజెప్పి వచ్చేసింది. వెంట నల్లది కూడా. "సారూ, మీరు కంచె ఏస్తే మా గొర్లు యాడ మేసేది? అవి లేకుంటే మేము యాడ బతికేది? ఇది మాత్రం రాసుకోండి."

అప్పుడే గంగులయ్య చూశాడు, ఆమె వెనకాల అవతలి పార్టీవాళ్ళు ఇద్దరు గంప మీద గుడ్డ తీస్తున్నారు.

"పోలమ్మా, ఉరుకు! నల్లది పండుకోలే! రాత్రంతా నిలబడే ఉండాది!"

ఆ మాటను కాదన్నవాడు లేడు. ఆఫీసర్లు, పోలీసులు, జనం చెట్టుకొకరు పుట్టకొకరు పరిగెత్తారు. గంపవాళ్ళు కూడా బాంబుల్ని వదిలేసి పారిపోయారు. మిగిలింది మొగుడూ పెండ్లాం, రెడ్డి, రెడ్డి మనుషులు.

"పొద్దున పండుకునిందంటివి గదరా" అన్నాడు శేషారెడ్డి.

గంగులయ్య తలగుడ్డ తీసి చేతులు జోడించాడు. "తప్పయిపాయ రెడ్డీ."

పోలమ్మ అడ్డంపడింది. "నీ కాళ్ళు మొక్కుతా రెడ్డీ! అరిచి నిన్ను కాపాడినాడు గదా!"

"నన్ను కాదు, నిన్ను" అని రెడ్డి జీపు వైపు నడిచాడు. అతని మనుషులు మాత్రం కదల్లేదు.

ఆఫీసర్లు ప్రొద్దుటూరు చేరేలోపే అభ్యంతరాలు లేవని రాసుకున్నారు. అరిచి అరిచి గొంతు పోయిన పోలమ్మ, మొగుని తల ఒళ్ళో పెట్టుకొని చేన్లోనే కూర్చుంది. నల్లది వచ్చి నెత్తుటితో తడిసిన నేలను వాసన చూసింది. ముందు మోకాళ్ళు వంచి, తర్వాత వెనక కాళ్ళు ముడుచుకొని, ఆమె పక్కనే పండుకునింది.