దుప్పటి రెండో కొస

షబ్నమ్ కుడి చీలమండ చుట్టూ నల్లగా కాలిన గీత ఉంది. శవానికి స్నానం చేయిస్తూ మహబూబీ దాన్ని చూసింది. వేలితో తడిమింది కూడా. తీగ చుట్టుకుని కాలిన గాయమది. నీళ్లు పోస్తున్న షబ్నమ్ అత్త కూడా చూసింది. చెంబు కింద పెట్టి గోడ వైపు తిరిగింది.

ములకలపల్లి అవతల అడవి అంచునున్న ఆ ఊళ్లో, ముస్లిం ఆడవాళ్లెవరు పోయినా ఆఖరి స్నానం చేయించేది మహబూబీయే. ముప్పై ఏళ్లుగా అంతే. చుట్టూ దుప్పట్లు పట్టించి, ఆ చాటున కడిగి, తెల్లటి కఫన్ గుడ్డ చుట్టి పంపిస్తుంది. ఆ చాటున చూసింది బయట చెప్పకూడదు. ఎవరి ఒంటిమీద ఏ మచ్చ ఉందో, ఎవరికి ఏ రోగముందో ఇంతవరకు ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

షబ్నమ్ పరాయిదేం కాదు. మహబూబీ మేనల్లుడు మతీన్ భార్య. అడవి పందులు మొక్కజొన్న తొక్కేస్తున్నాయని మతీన్ పొద్దుగూకాక చేను చుట్టూ తీగ కట్టి, కొక్కెంతో కరెంటు లైనుకు తగిలిస్తాడు. తెల్లారకముందే కొక్కెం తీసేస్తాడు. ఆ రోజు తీయలేదు. షబ్నమ్ పొద్దున్నే మేకకు గడ్డి కోయడానికి చేలోకి వెళ్లింది. మహబూబీకి ఇదెవరూ చెప్పలేదు. ఆ గీత చూశాక చెప్పాల్సిన పనీ లేదు.

మతీన్ మాత్రం జ్వరంతో పోయిందన్నాడు. ముందురోజు సాయంత్రం ఆశా వర్కర్ పూలి ఇచ్చిన మాత్రలు వేసుకుందని కూడా అన్నాడు. ఆ ఒక్క ముక్క చాలు. మధ్యాహ్నానికి ఖననం అయిపోయింది. సాయంత్రానికల్లా మాత్రలే చంపాయని ఊరు తేల్చేసింది. మర్నాడు కొందరు తండాకు వెళ్లి పూలి ఇంటి తలుపు విరగ్గొట్టారు. ఆమెను డ్యూటీకి రావద్దన్నారు. గురువారం పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు.

మహబూబీకి ఏడుపు రాలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియడం లేదు. బియ్యం కడిగి, పొయ్యి వెలిగించడం మరిచి అలాగే కూర్చుంటోంది.

విచారణకు ముందురోజు పూలి పెనిమిటి బద్యా వచ్చాడు. గుమ్మం బయటే కూర్చున్నాడు.

“అమ్మా, కడిగింది నువ్వే గదా. ఆమె ఒంటి మీద ఏమన్న కనవడ్డదా?”

మహబూబీ బియ్యం గిన్నె దగ్గరకు లాక్కుంది. అతను తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. తిట్టి వెళ్లినా బాగుండేది.

అరగంటలో ఆ సంగతి మసీదు కమిటీ పెద్ద జానిమియాకు చేరింది. మతీన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. మతీన్ జైలుకు పోతే ఇద్దరు పిల్లలు ఆగమవుతారన్నాడు. పూలికేముంది, నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారన్నాడు. చివరికి అసలు మాట తీశాడు.

“కడిగినోళ్లు చూసింది కప్పిపెట్టాలె. గా మాట అందరికి చెప్పేది నువ్వే. ఇప్పుడు నువ్వే నోరిప్పితే, రేపు కడగనీకి నీ చేతికి మయ్యత్‌ను ఎవరిస్తరు మహబూబీ?”

“కప్పిపెట్టాల్సింది షబ్నమ్ సంగతి భాయ్. తీగ షబ్నమ్‌ది గాదు.”

మతీన్ నేల చూస్తూ నిలబడ్డాడు. “ఫుప్పూ, నన్ను ఎత్తుకొని పెంచినవ్,” అన్నాడు మేనత్తతో.

“అవ్,” అంది మహబూబీ. “పెంచిన.”

వాళ్లు వెళ్లాక బియ్యం మళ్లీ కడిగింది.

గురువారం తహసీల్దారు మేడమ్ ముందు అందరూ ఒకటే పాఠం చెప్పారు. శవం మీద ఏ గుర్తూ లేదని షబ్నమ్ అత్త, మతీన్ తల్లి, చెప్పింది. మహబూబీ వంతు వచ్చింది. కుడికాలు, చీలమండ, తీగ కాల్చిన గీత అని చెప్పింది. వెనక నుంచి ఎవరో ముసల్దానికి చూపు ఆనదన్నారు. ఇంకెవరో నవ్వారు. ఆమె వేలిముద్ర వేసి, వేలు చీరకు తుడుచుకుని ఇంటికి నడిచింది. దారిలో వాకిళ్లు ఊడుస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున సమాధి తవ్వించారు. తహసీల్దారు, లేడీ డాక్టర్, పోలీసులు వచ్చారు. ఊరంతా ప్రహరీ గోడ దగ్గర నిలబడింది. శవం పైన అడ్డంగా పెట్టిన చెక్కలు కనబడగానే మహబూబీ ముందుకు వచ్చింది. ఆడమనిషిని చాటు లేకుండా తెరవకూడదని, ముందు దుప్పటి పట్టాలని చెప్పింది. డాక్టర్ సరేనంది.

చంకలో తెచ్చుకున్న దుప్పటి విప్పి ఒక కొస ఆడ కానిస్టేబుల్ చేతికిచ్చింది. రెండో కొస పట్టుకుని గోడ వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా ఆమె చుట్టూ దుప్పట్లు పట్టిన ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ కదల్లేదు. జానిమియా భార్య కొంగు సవరించుకుని పక్కకు చూసింది.

పోలీసు జీపు వెనక నుంచి పూలి వచ్చింది. ఆ కొస అందుకుంది.

మహబూబీ గుంతలోకి దిగింది. “మడతలు నేనే వేసిన. నేనే తీస్త,” అని డాక్టర్‌తో చెప్పి, కాళ్ల వైపు మడత మీద చెయ్యి వేసింది.

“ఫుప్పూ, తియ్యకు.” దుప్పటి అవతల మతీన్ గొంతు. “కొక్కెం తీసుడు మర్చిన. నిద్రపట్టింది. మాత్రలు గిత్రలు ఏం లేవు. దాన్ని గట్ల తియ్యకు.”

ఎస్సై అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. ఒప్పుకున్నా పరీక్ష తప్పదంది డాక్టర్. మహబూబీ తలూపింది. ఎంత అవసరమో అంతే తెరిచింది. డాక్టర్ చూసి రాసుకున్నాక మళ్లీ అదే మడత, అదే చోట పెట్టింది. చేతులకు మట్టి చల్లదనం కూడా తెలియలేదు. పైకెక్కుతుంటే చెయ్యి అందించింది పూలే.

పిల్లల్ని వాళ్ల నాయనమ్మ ఉంచుకుంది. మహబూబీని వాళ్ల గడప తొక్కనివ్వలేదు. మరుసటి నెల ఊళ్లో ఇంకో ఆడమనిషి పోతే, కడగడానికి బూర్గంపాడు నుంచి ఎవరినో పిలిపించారు. మసీదు మైకులో ఆ కబురు విన్నప్పుడు మహబూబీ దుప్పటి ఉతుకుతోంది. డ్యూటీ చీరలో అటుగా వెళుతున్న పూలి సంచి గట్టు మీద పెట్టి, రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ పిండి, ఆరేశారు.