రెండో తాడు

బామ్మర్ది మనసులో ఏముందో కనిపెట్టలేక దానయ్య వారం నుంచీ చస్తున్నాడు. ఆ మనిషి నోరు విప్పితేగా! తిట్టడు, కొట్టడు, మా అక్క మీద చెయ్యెందుకు చేసుకున్నావని నిలదియ్యడు. పొద్దున్నే గుడిసె ముందుకొచ్చి "పోదాం పద బావా" అంటాడు. పనయ్యాక తన దారిన తను పోతాడు. నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి నమ్మొచ్చుగానీ, అంతా కడుపులో పెట్టుకుని తిరిగేవాణ్ణి ఎట్లా నమ్మేది?

జరిగిందంతా దానయ్య నిర్వాకమే. మొగుడు సారా మానలేదని జయకుమారి పాస్టరమ్మ దగ్గర కన్నీళ్ళు పెట్టుకుందట. ఆ మాట చెవినపడేసరికి ఈయనగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వాకిట్లో, అందరూ చూస్తుండగా పెళ్ళాం చెంప పగలగొట్టాడు. పెద్ద మగతనం! ఆమె తమ్ముడు సంజీవరావు అక్కనీ పిల్లల్నీ బస్సెక్కించి, ప్రత్తిపాడులో తల్లి దగ్గర దిగబెట్టి, మర్నాడు ఏమీ జరగనట్టు పనిలోకి వచ్చేశాడు.

మామూలు కూలిపనైతే ఇది ఇంటి గొడవని సరిపెట్టుకోవచ్చు. వీళ్ళ పని అట్లాంటిది కాదు. దాచేపల్లి అవతల సిమెంటు ఫ్యాక్టరీలో గౌస్ బాషా అనే కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. అక్కడ సిమెంటు నిలవచేసే సైలోలు తాటిచెట్లని మించిన ఎత్తున ఉంటాయి. వీళ్ళ నోట అవి గుమ్ములు. గుమ్మి లోపలి గోడలకి సిమెంటు అట్టలు కట్టి గడ్డకడుతుంది. పైకప్పులో ఉన్న రంధ్రంలోంచి మనిషి తాడు మీద దిగి, గునపంతో ఆ అట్టల్ని రాల్చాలి. దిగేవాడు దానయ్య. పైన కప్పీ మీదుగా తాడు వదిలేవాడు సంజీవరావు.

ఈ ముఠాలో అదొక కట్టుబాటు. దిగేవాడి తాడు వాడి బామ్మర్ది చేతిలోనే ఉండాలి. తోడబుట్టిన అన్నదమ్ముణ్ణి కూడా పట్టనివ్వరు. అన్నదమ్ములకి గట్టు తగాదా ఉండొచ్చు, ఇంకోటుండొచ్చు. మనిషి పోతే పిల్లల్ని చంకనేసుకుని తోబుట్టువు వచ్చి పడేది బామ్మర్ది గుమ్మంలోనేగా, వాడు చచ్చినా వదలడు. తాతల నాడు పాత బావుల్లో పూడిక తీసినప్పటి నుంచీ వస్తున్న పద్ధతి ఇది. బానే ఉంది. మరి ఆ తోబుట్టువు ముందే వచ్చి పడితే? మొగుడు బతికుండగానే పుట్టింట్లో కూర్చుంటే, బామ్మర్దికి ఇంక తాడు మీద ప్రేమెందుకు? ఈ ఆలోచన పురుగై దానయ్య బుర్ర తొలిచేస్తోంది.

అది చాలనట్టు పైనుంచి ఇంకో తద్దినం వచ్చిపడింది. భోపాల్ ఘోరం తర్వాత కంపెనీలకి భయం పట్టుకున్న రోజులవి. ఆ వేసవిలో ఇంకో కాంట్రాక్టరు మనిషి బొగ్గు గుమ్మిలో పడి చనిపోయాడు. దాంతో కంపెనీ కొత్త ఆర్డరు వేసింది. సేఫ్టీ సర్టిఫికెట్ లేని కాంట్రాక్టరుని గేటు లోపలికి రానివ్వరట. ఆఫీసరు వచ్చి, ముఠా పని చేసే తీరు కళ్ళారా చూసి, బాగుందంటేనే సర్టిఫికెట్. లేకపోతే పని బయటి ముఠాకి పోతుంది. గౌస్ బాషా గుంటూరు వెళ్ళి టోపీలూ బెల్టులూ కొత్త తాళ్ళూ చేతి తొడుగులూ తెచ్చాడు. అందరికీ తొడిగించి ఎండలో నిలబెట్టి, ఆఫీసరు ఏం అడిగినా 'ఎస్ సర్' అనండిరా అని పెళ్ళివారికి మర్యాదలు నేర్పినట్టు నేర్పాడు. ఈ పని పోతే అందరం మిరపచేలల్లో కాయలు కోసుకోవాల్సిందేనని బెదిరించాడు కూడా.

దిగి చూపించాల్సింది దానయ్యే. తాడు సంజీవరావుదే. పేర్లు ఆఫీసులో ఇచ్చేశారు.

ఇంక చూడండి దానయ్య అవస్థ. సంజీవరావు కొత్త తాడుని మూరమూరా తడుముతూ కూర్చుంటే, తెగేచోటు వెతుకుతున్నాడనిపించింది. వాడు గౌస్ బాషాని పక్కకి పిలిచి, ఈ తొడుగులు నాకొద్దండి అంటే, ఎందుకొద్దంటున్నాడో అనిపించింది. తొడుక్కోకపోతే ఆఫీసరు ఒప్పుకోడని గౌస్ బాషా కసిరాడు. సంజీవరావు ఓ పూట సెలవడిగి ప్రత్తిపాడు వెళ్ళొచ్చాడు. ఉండబట్టలేక, మీ అక్క ఏమంటోందిరా అని అడిగాడు దానయ్య. ఏమంటది, బాగానే ఉందని తాడు చుట్టుకుంటూ చెప్పాడు వాడు. కళ్ళెత్తి చూడలేదు. తల్లీ కూతుళ్ళూ కలిసి వీడికేదో నూరిపోసి పంపారనుకున్నాడు దానయ్య. నా తాడు వేరేవాడికివ్వమని గౌస్ బాషాని అడుగుదామా అంటే, బామ్మర్దిని నమ్మనని ముఠా మొత్తానికీ చాటింపు వేసినట్టే.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే దానయ్య, పైన దుమ్ము ఊడుస్తానని చెప్పి అందరికంటే ముందు గుమ్మి ఎక్కాడు. ఇంకో తాడు తీసుకుపోయి ఒక కొస ఇనప స్తంభానికి బిగించి, మిగతాదంతా గోనెసంచుల కింద దాచాడు. రెండో కొసకి కొక్కెం. బతికి బయటపడటానికి తన ఏర్పాటు తనది.

ఆఫీసరొచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల టోపీ. నిచ్చెన దగ్గరే నిలబడి కానివ్వమన్నాడు. దానయ్య రంధ్రం అంచున కూర్చుని, చొక్కా సర్దుకుంటున్నట్టు చెయ్యి వెనక్కి పోనిచ్చి, గోనెల కింది కొక్కేన్ని బెల్టుకి తగిలించుకున్నాడు. సంజీవరావు వెనకే నిలబడ్డాడు. చూశాడో లేదో తెలీలేదు.

"జాగర్త బావా" అన్నాడు సంజీవరావు.

ఈ మాట ఎన్నేళ్ళుగానో వింటున్నదే. ఇవాళ మాత్రం దానయ్య వెనక కొక్కేన్ని ఇంకోసారి తడిమి చూసుకున్నాడు.

దిగుతున్నాడు. రంధ్రం కిందికి రాగానే చీకటి, ముక్కులో సిమెంటు. తాడు ఎప్పట్లా నిదానంగా, కుదుపు లేకుండా వస్తోంది. అనవసరంగా భయపడ్డానా అనుకుంటూ గునపం ఎత్తి ఒక అట్ట మీద వేశాడు. అది చేటెడు అట్ట కాదు, సగం గోడే. విరిగి భుజం మీదుగా జారింది. ఆ బరువుకి పైతాడు ఒక్కసారిగా వదులైపోయింది. దానయ్య రాయిలా కిందికి పోయాడు. పోయి పోయి, వెనక కొక్కెం పట్టుకుని నడుం విరిగేలా లాగి ఆపింది.

వేలాడుతున్నాడు. ప్రాణం ఉంది. కోపం దానికంటే ముందొచ్చింది. తల పైకెత్తి అరవకుండానే అన్నాడు, గుమ్మి గోడలు ఆ మాటని పైకి మోసుకుపోయాయి:

"నాకు తెలుసురా, నువ్వు వదిలేస్తావని."

 కాసేపటికి ముఠా అంతా కలిసి లాగితే పైకొచ్చాడు. వెలుగులో కళ్ళు నిలదొక్కుకున్నాక చూశాడు. సంజీవరావు రంధ్రం అంచున బోర్లాపడి, రెండు కాళ్ళూ కప్పీ దిమ్మకి తన్నిపట్టి ఉన్నాడు. నున్నటి కొత్త తొడుగుల్లోంచి తాడు జారిపోయింది. జారిన తాడు కొస వాడి నడుముకి ముడేసి ఉంది. తొడుగులకి పట్టు చిక్కదని ముందే భయపడి కట్టుకున్నాడు. చొక్కా చిరిగి, తాడు వెళ్ళినంత మేరా చర్మం లేచి, నెత్తురు సిమెంటులో కలుస్తోంది. ఇంకో జానెడు జారితే వాడూ లోపలే.

ఆఫీసరు పరుగున వచ్చాడు. నిచ్చెన దగ్గరున్న ఆయనకి లోపలి మాట వినపడలేదు. గుమ్మి నోటి మీదే పడి ఉన్నవాడికి వినపడింది.

ఆఫీసరు ముందు నడుం తాడు చూసి మండిపడ్డాడు. ఇంత మూర్ఖపు పని ఎక్కడా చూడలేదనీ, ఒకడు పడితే ఇద్దరూ పోతారనీ, స్తంభానికి ఆ రెండో తాడే లేకపోతే రెండు శవాలు తియ్యాల్సొచ్చేదనీ అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు, అదే కదా బాధ. తర్వాత స్తంభం తాడు లాగి చూసుకున్నాక ఆయన మొహం విప్పారింది. ఇదీ పద్ధతంటే, ఇక ముందు అందరూ ఇట్లాగే చెయ్యాలన్నాడు.

"ఈ రెండో తాడు ఎవరి ఆలోచన?" అని అడిగాడు.

గౌస్ బాషాకి ఆ తాడు సంగతే తెలీదు. దిక్కులు చూశాడు. దానయ్య కొక్కేన్ని అరచేత్తో కప్పుకున్నాడు. నాదేనంటే, ఎందుకు కట్టావంటాడు. ఏం చెప్పాలి? నా పెళ్ళాం తమ్ముడు నన్ను చంపుతాడనుకున్నానని చెప్పాలా?

సంజీవరావు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు.

"నేనూ బావా అనుకునే కట్టామండి" అన్నాడు.

ఆఫీసరు వాడి భుజం తట్టి, సర్టిఫికెట్ ఇస్తానని గౌస్ బాషాకి చెప్పి దిగిపోయాడు. ముఠా అంతా సంబరంగా ఆయన వెనకే దిగింది. పైన వాళ్ళిద్దరే మిగిలారు. దానయ్య తువ్వాలు తీసి నెత్తురు తుడవబోయాడు. సంజీవరావు ఆ చెయ్యి మెల్లగా పక్కకి తీసి, నడుముకున్న ముడి తనే విప్పుకున్నాడు.

"నువ్వు కొక్కెం తగిలించుకునేటప్పుడే చూశాను బావా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆ అట్ట పడకపోతే నాలోనే ఉంచుకునేవాణ్ణి. నువ్వన్న మాట కూడా ఇన్నాను."

"ఒరేయ్ సంజీవా..."

"అక్క రేపు పొద్దున బస్సుకొస్తంది. పోను పోనంటే, మారాడని నేనే బతిమాలి ఒప్పించా. నువ్వే పోయి దించుకురా. ఈ సంగతి నేను చెప్పను. చెప్తే నువ్వే చెప్పుకో."

తొడుగులు తీసి గోనెసంచుల మీద పెట్టి, నడుం పట్టుకుని ఒక్కో మెట్టే నిచ్చెన దిగిపోయాడు. వాడు నిజంగానే తాడు వదిలేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది దానయ్యకి.